'ఐ లైక్ మ్యాంగోస్'లో పోలిక ఎక్కడుంది?

పిల్లల ఇంగ్లీషు: మీ ప్రశ్నలు, టీచరు జవాబులు

ఈ నెల ఉత్తరాలు చాలావరకు సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), ఇడియమ్ (జాతీయం), సినానిమ్ (పర్యాయపదం) చుట్టూనే తిరిగాయి. పరీక్షల కాలం కదా! ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, మిగిలినవాటికి చోటున్నంత మేర జవాబిస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన దాన్ని కాబట్టి నా ఉదాహరణల్లో కాన్వెంటు వాసన తక్కువ. సర్దుకోండి.

ప్రశ్న: టీచరుగారూ, మా బాబు ఐదో తరగతి. స్కూల్లో సిమిలీల లిస్టు ఇచ్చి బట్టీ పట్టించారు. 'యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్', 'యాజ్ బిజీ యాజ్ ఎ బీ' అంటూ గడగడా అప్పజెప్తాడు. మార్కులూ వస్తున్నాయి. మొన్న వర్క్‌షీట్‌లో సిమిలీల కింద గీత గీయమంటే 'ఐ లైక్ మ్యాంగోస్' కింద కూడా గీసేశాడు. ఇదేంట్రా అంటే, 'లైక్ ఉంటే సిమిలీ అని మిస్ చెప్పింది' అంటాడు. వాడికి ఎలా చెప్పను? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: వాడు చెప్పింది చెప్పినట్టు చేశాడమ్మా, వాణ్ణి ఏమీ అనకండి. లైక్, యాజ్ కనపడితే సిమిలీ, కనపడకపోతే మెటఫర్ అని చెప్పి వదిలేస్తే ఏ పిల్లాడైనా మామిడిపళ్ళ కిందే గీత గీస్తాడు.

మీరు హైస్కూల్లో ఉపమాలంకారం చదివే ఉంటారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు. 'వలె', 'లాగా' అనేవి ఉపమావాచకాలు. ఇంగ్లీషు లైక్, యాజ్ కూడా అవే. మీ వాడికి నాలుగింటిలో చివరిదొక్కటే చెప్పారు. అసలు సరుకు మూడోదాంట్లో, అంటే సమానధర్మంలో ఉంది. తెలుగు పీరియడ్‌లో పిల్లలు శుభ్రంగా నేర్చుకునే ఈ సంగతిని ఇంగ్లీషు పీరియడ్‌లో ఎవరూ గుర్తు చేయరు. రెండు సబ్జెక్టుల టీచర్లూ స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్కనే కూర్చుంటారు మరి!

బాబుకి ఆ సంస్కృత పేర్లు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు నేర్పండి. దేన్ని పోల్చారు? దేనితో పోల్చారు? ఏ విషయంలో పోల్చారు? 'ఐ లైక్ మ్యాంగోస్' దగ్గర మొదటి ప్రశ్నకే తెల్లమొహం వేస్తాడు. అంటే అక్కడ పోలిక లేదన్నమాట. తర్వాత 'మై సిస్టర్ లుక్స్ లైక్ మై మదర్' ఇవ్వండి. ఇక్కడ పోలిక ఉంది గానీ సిమిలీ లేదు. కూతురికి అమ్మ పోలిక రావడం ఉన్నమాటే కదా. 'మా చెల్లి అలిగితే విజిల్ రాని ప్రెషర్ కుక్కర్‌లా ఉంటుంది' అంటే అప్పుడది సిమిలీ. రెండూ వేరువేరు జాతులవి కావాలి, ఒక్క విషయంలో మాత్రం కలవాలి.

పిల్లలకు బాగా నచ్చే నాలుగో ప్రశ్న ఇంకొకటుంది. ఏ విషయంలో కలవదు? మామయ్య సింహంలా ధైర్యవంతుడు, సరే. మామయ్యకు తోక ఉందా? పచ్చి మాంసం తింటాడా? రోజంతా చెట్టుకింద పడుకుంటాడా? (ఈ చివరిదానికి కొన్ని ఇళ్ళలో అవుననే జవాబు వస్తుంది.) కలిసేదేదో, కలవనిదేదో విడదీయడం వస్తే పోలిక వాడి చేతికి వచ్చినట్టే.

ఇక ఆ లిస్టు. 'యాజ్ కూల్ యాజ్ ఎ కుకుంబర్' లాంటివి ఎప్పుడో అరిగిపోయాయి. చదివినప్పుడు అర్థమైతే చాలు, వాడిచేత రాయించక్కర్లేదు. నేను క్లాసులో ఒక షరతు పెట్టేదాన్ని: పోలికకు వాడే వస్తువు మీ వీధిలోదో, మీ ఇంట్లోదో అయి ఉండాలి. సింహాలు, తేనెటీగలు, గులాబీలు నిషేధం. కాసేపు తలలు గోక్కున్నారు. తర్వాత వెనక బెంచీ కుర్రాడొకడు లేచి 'మై గ్రాండ్‌ఫాదర్ కాఫ్స్ లైక్ యాన్ ఓల్డ్ లూనా' అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఏ విషయంలోరా అని అడిగాను. 'స్టార్టవుతున్నట్టే ఉంటుంది మేడం, అవదు, మళ్ళీ మొదలెడతాడు' అన్నాడు. ఏ గైడులోనూ దొరకదు ఆ వాక్యం. వ్యాకరణం తప్పు కూడా లేదు.

మీది గుంటూరు. మిర్చి యార్డు మీదుగా వెళ్ళినప్పుడు ఆ ఘాటుకి కళ్ళు మండుతాయి కదా, 'ఇది దేనిలా ఉంది?' అని అడగండి. మొదట తెలుగులోనే చెప్పనివ్వండి. ఇంగ్లీషులోకి తేవడానికి మీరు సాయం చేయొచ్చు. పోలిక మాత్రం వాడిదే అయి ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయిని కోరుకొండ సైనిక్ స్కూల్ ఎంట్రన్స్‌కి తయారు చేస్తున్నాం. ఎనాలజీల (ఒక జంటలో ఉన్న సంబంధాన్నే రెండో జంటలోనూ పట్టుకునే ప్రశ్నలు) దగ్గర తడబడుతున్నాడు. 'డాక్టర్ : హాస్పిటల్ :: టీచర్ : ?' అంటే స్కూల్ అనకుండా స్టూడెంట్ అని పెట్టాడు. – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ఆప్షన్లు ముందు చూస్తున్నాడు. ఇంటెలిజెన్స్ భాగంలో 25 ప్రశ్నలుంటాయి, టైము తరుముతుంటుంది, అందుకే ఆ తొందర. ముందు ఆప్షన్ల మీద చెయ్యి పెట్టి మూసేయమనండి. మొదటి జంటతో నోటితో ఒక వాక్యం చెప్పాలి: 'డాక్టర్ పనిచేసే చోటు హాస్పిటల్.' అదే వాక్యంలో డాక్టర్‌ని తీసి టీచర్‌ని పెట్టాలి. అప్పుడు చెయ్యి తీయాలి. స్టూడెంట్ అనే మాటకు ఆ వాక్యంలో చోటే దొరకదు.

వరస తప్పకూడదు. 'పెన్ : రైట్' అంటే వస్తువు ముందు, దాని పని తర్వాత. కాబట్టి 'నైఫ్ : కట్'. షార్ప్ అన్నది కత్తి గుణం, కిచెన్ అన్నది కత్తి ఉండే చోటు. రెండూ కత్తికి చుట్టాలే గానీ ఇక్కడ అడిగిన చుట్టరికం అది కాదు. రెండు ఆప్షన్లు కుదిరినట్టు కనిపిస్తే వాక్యం మరీ వదులుగా ఉందని అర్థం, దాన్ని కాస్త బిగించాలి. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్‌లో ఈ రకం ప్రశ్నల్ని 2005లోనే తీసేశారు. మన పోటీ పరీక్షలు ఇంకా వదల్లేదు, కాబట్టి సాధన చేయించక తప్పదు.

ప్రశ్న: మేడం, నేను డీఎస్సీలో కొత్తగా వచ్చాను. ఏడో తరగతికి ఇడియమ్స్ చెప్తున్నాను. పిల్లలు మన జాతీయాల్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టేస్తున్నారు. ఒకడు 'షి హాజ్ స్టమక్ ఫైర్ ఆన్ మీ' అని రాశాడు. నవ్వాలో, కొట్టేయాలో తెలియలేదు. – ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ముందు నవ్వండి, తర్వాత కొట్టేయండి. మధ్యలో వాణ్ణి కాస్త మెచ్చుకోండి. 'కడుపుమంట'కూ కడుపుకూ సంబంధం లేదని వాడికి తెలుసు. ఇడియమ్ అంటే ఏమిటో సగం పాఠం వాడికి వచ్చేసినట్టే. రావాల్సిన సగమేమిటంటే, ఈ భాషలోని బొమ్మ ఆ భాషలో పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఇంగ్లీషువాళ్ళ అసూయ పచ్చగా ఉంటుంది, 'గ్రీన్ విత్ ఎన్వీ' అంటారు. 'హార్ట్‌బర్న్' అన్నామా, మెడికల్ షాపు వాడు ఎసిడిటీ మాత్ర ఇస్తాడు.

నేను బోర్డు మీద మూడు గళ్ళు గీసేదాన్ని. మొదటి గడిలో రెండు భాషల్లోనూ ఒకే బొమ్మ ఉన్నవి. మొసలి కన్నీళ్ళకు 'క్రొకడైల్ టియర్స్' ఉంది, గాలిమేడలకు 'క్యాజిల్స్ ఇన్ ది ఎయిర్', గోడలకు చెవులుంటాయన్నదానికి 'వాల్స్ హావ్ ఇయర్స్'. రెండో గడిలో భావం ఒకటే, బొమ్మ వేరు. పిల్లలు ఎక్కువసేపు ఉండేది ఇక్కడే. మనం గోడ మీద పిల్లి అంటాం, వాళ్ళు 'సిటింగ్ ఆన్ ది ఫెన్స్' అంటారు. పిల్లి పోయి మనిషే వచ్చి కంచె మీద కూర్చున్నాడు. మన వాళ్ళు కాలికి బుద్ధి చెప్తే వాళ్ళు 'టుక్ టు హిజ్ హీల్స్' అని మడమలకు పని చెప్తారు. రహస్యం దాచలేనివాడి నోట్లో మనకు నువ్వుగింజ నానదు, వాళ్ళకు 'స్పిల్ ది బీన్స్' అని చిక్కుడుగింజలు ఒలికిపోతాయి. ఆ రోజు క్లాసులో సగం మంది నువ్వుగింజ బొమ్మ, సగం మంది బీన్స్ బొమ్మ గీశారు. నెల తిరిగాక అడిగినా మర్చిపోలేదు.

మూడో గడి మన దగ్గర జోడీ దొరకనివాటికి. 'కోల్డ్ ఫీట్' అంటే చివరి నిమిషంలో ధైర్యం జారిపోవడం. తెలుగులో కాళ్ళు చల్లబడ్డాయంటే ఇంట్లోవాళ్ళు ఆటో పిలుస్తారు. ఇలాంటివి కొద్దిగా, కథలో వచ్చినప్పుడు మాత్రమే చెప్పండి.

మీ క్లాసులో గోండి, లంబాడీ, మరాఠీ మాట్లాడే ఇళ్ళ పిల్లలుంటారు. 'మీ ఇంట్లో దీన్నెలా అంటారు?' అని వాళ్ళనీ అడగండి. బోర్డు మీద ఇంకో గడి గీయాల్సొస్తుంది, గీయండి. తెలుగే రెండో భాషగా వచ్చిన పిల్లాడికి ఒక బొమ్మ ఇంకో భాషలో చెల్లదన్న సంగతి మిగతావాళ్ళకంటే ముందే అనుభవంలో ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ఇడియమ్‌లో మాట మార్చకూడదు. కాలికి బదులు చేతికి బుద్ధి చెప్పలేం, అలాగే చచ్చిపోవడాన్ని మొరటుగా చెప్పే 'కిక్ ది బకెట్'ని 'కిక్ ది పెయిల్' చేయలేం. రెండోది, ఎక్కడ అనొచ్చో ఎక్కడ అనకూడదో అర్థంతోపాటే చెప్పాలి. 'మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ది బకెట్, సో గ్రాంట్ మీ లీవ్' అని రాసిచ్చిన పిల్లాడున్నాడు నా క్లాసులో. అర్థం తెలుసు వాడికి. 'మా తాత బాల్చీ తన్నేశాడు, సెలవు ఇప్పించండి అని తెలుగు మాస్టారికి రాస్తావా?' అని అడిగాను. నాలిక్కరుచుకున్నాడు. ఇంకేం వివరించక్కర్లేకపోయింది.

అన్నట్టు 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' మీద పీరియడ్ ఖర్చు చేయకండి. వానొస్తే ఇప్పుడెవరైనా 'ఇట్స్ పోరింగ్' అనే అంటున్నారు. గైడ్లలో మాత్రం ఇంకా పిల్లులూ కుక్కలూ కురుస్తూనే ఉన్నాయి.

ప్రశ్న: మా పాప ఇక్కడ సెకండ్ గ్రేడ్. 'థిన్, స్లెండర్, స్కిన్నీ, స్క్రానీ', 'టాస్, త్రో, హర్ల్' ఇచ్చి తేడా చెప్పమన్నారు. నాకైతే మొదటివన్నీ సన్నమే, రెండోవన్నీ విసరడమే. నేను తెలుగు మీడియం, పాపకి ఏం సాయం చేయగలను? – ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: తెలుగు మీడియం అన్నారు కాబట్టే మీకు సులువు. మీరు రాసిన పదాలు కాలిఫోర్నియా 2010లో తీసుకున్న కామన్ కోర్ (చాలా అమెరికా రాష్ట్రాల ఉమ్మడి పాఠ్య) ప్రమాణాల్లో రెండో తరగతి కింద ఉదాహరణలుగా ఉన్నవే. ఒకటో తరగతిలో చూపుల రకాలు: పీక్, గ్లాన్స్, స్టేర్, గ్లేర్. మూడో తరగతిలో 'తెలుసు', 'అనుకున్నాను', 'అనుమానించాను' లాంటివాటి మధ్య తేడా. సిమిలీ, మెటఫర్ అన్న పేర్లు నాలుగో తరగతికి గానీ రావు. ఈ వరస నాకు నచ్చింది. మన దగ్గర పేర్లు ముందొచ్చి కూర్చుంటాయి.

పాపకి బలాన్ని బట్టి వరసలో పెట్టడం నేర్పుతారు. దానికి మీరు ఇంకొకటి కలపండి: ఈ మాట ఎవరిని అనొచ్చు? మీ చెల్లెలు వీడియో కాల్‌లోకి వచ్చినప్పుడు 'నాజూగ్గా ఉన్నావే' అంటే మురిసిపోతుంది. 'సన్నబడ్డావు' అంటే ఏమీ అనుకోదు. 'పీలగా అయిపోయావేంటే' అంటే కంగారు పడుతుంది. 'బక్కచిక్కిపోయావు' అంటే ఫోన్ పెట్టేస్తుంది. మనిషి అదే, బరువు అదే, చూసేవాళ్ళ మనసు వేరు. స్లెండర్ నుంచి స్క్రానీ దాకా ఇంచుమించు అదే దారి. పిన్ని మొహం ఎలా మారుతుందో పాపనే నటించి చూపమనండి.

విసరడానికి ఒక జత సాక్సు ఉండచుట్టి ఇవ్వండి. టాస్ అంటే ఎదుటివాళ్ళ చేతికి అందేలా తేలిగ్గా వేయడం. హర్ల్ అంటే ఒంట్లో బలమంతా పెట్టి గిరాటేయడం, అది పెరట్లోనే. చూపులు కూడా ఇలాగే ఆడించొచ్చు. తొంగి చూడటం, ఓరగా చూడటం, కళ్ళప్పగించి చూడటం, ఉరిమి చూడటం. మీకిన్ని ఉన్నాయి, పాప చేతిలో ఇన్ని ఉన్నాయి. ఒకరి మాట ఒకరు నటిస్తే, రెండోవాళ్ళు తమ భాషలో ఆ మాట చెప్పాలి. ఈ ఆటలో మీరే ఎక్కువ గెలుస్తారు, చూడండి.

ప్రశ్న: నేను సీబీఎస్‌ఈ టెన్త్. 'ఫాగ్' పొయెమ్‌లో డివైస్ ఏమిటంటే గైడులో మెటఫర్ అని ఉంది, ట్యూషన్ సర్ పర్సానిఫికేషన్ అంటున్నారు. ఏది రాయాలి మేడం? – విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మెటఫర్ అని రాయమ్మా. పర్సానిఫికేషన్ అంటే మనిషి కానిదానికి మనిషి లక్షణాలు ఇవ్వడం. కార్ల్ శాండ్‌బర్గ్ ఆ పొగమంచును మనిషిని చేయలేదు, పిల్లిని చేశాడు. 1916లో అచ్చయిన కవిత అది, మొత్తం ఆరు పంక్తులు. లైక్ లేదు, యాజ్ లేదు. మంచు చిన్న చిన్న పిల్లి అడుగులతో వస్తుంది, హార్బర్‌నీ ఊరినీ చూస్తూ వెనక కాళ్ళ మీద కూర్చుంటుంది, తర్వాత సాగిపోతుంది. పోలిక ఒక్క మాటతో అయిపోకుండా చివరిదాకా నడిచింది కాబట్టి 'ఎక్స్‌టెండెడ్ మెటఫర్' అని రాస్తే ఇంకా మంచిది.

పేరు రాసి ఆగిపోకు. కుక్కను ఎందుకు పెట్టలేదు? కుక్క వస్తే తెలుస్తుంది, పిల్లి వచ్చింది కూర్చున్నాకే తెలుస్తుంది. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు, తన ఇష్టమున్నప్పుడు లేచి వెళ్తుంది. చలికాలంలో లంబసింగి వెళ్ళి ఉంటే మంచు సరిగ్గా ఇలాగే చేయడం చూసే ఉంటావు. ఇవి రెండు వాక్యాల్లో రాస్తే దిద్దేవాళ్ళకు నువ్వు కవిత చదివావని తెలుస్తుంది.

మీ ఊళ్ళో హార్బర్ పక్కన కొండను డాల్ఫిన్స్ నోస్ అంటారు కదా. రోజూ అనే ఆ మాట కూడా మెటఫరే. పరీక్షలో రాదులే, ఊరికే చెప్పాను.

ప్రశ్న: మూడేళ్ళ మనవరాలికి ఇవన్నీ ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? – ఒక తాతగారు, రాజమండ్రి

జవాబు: పొడుపు కథలు చెప్పండి సార్. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు.' కనురెప్పలు అని పిల్ల చెప్పిందంటే మెటఫర్‌ని విప్పినట్టే. పేరు పదేళ్ళకు తెలిసినా కొంప మునిగేదేం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వొకాబులరీ పెరగాలని ట్యూటర్ థెసారస్ కొనమంటున్నారు. కొననా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇప్పుడే వద్దు. థెసారస్ ఒక మాటకు పది మాటలు ఇస్తుంది గానీ ఏది ఎక్కడ కూర్చుంటుందో చెప్పదు. స్టార్ట్‌కి కమెన్స్ అని చూసి, 'అవర్ స్కూటర్ ఈజ్ నాట్ కమెన్సింగ్' అని రాసుకొస్తారు. బిగ్‌కి లార్జ్ సినానిమే. 'బిగ్ బ్రదర్' అంటే అన్నయ్య, 'లార్జ్ బ్రదర్' అంటే లావుపాటి వాడు. స్ట్రాంగ్, పవర్‌ఫుల్ రెండూ బలమే, అయినా 'పవర్‌ఫుల్ టీ' ఎవరూ తాగరు. తెలుగులో మనకీ ఇబ్బంది తెలుసు. పాలు చిక్కగా ఉంటాయి, చట్నీ గట్టిగా ఉంటుంది, అడవి దట్టంగా ఉంటుంది. వీటిని అటూ ఇటూ మార్చి చెప్పమనండి, అమ్మాయే నవ్వుతుంది.

ఆ డబ్బుతో లెర్నర్స్ డిక్షనరీ కొనండి. ప్రతి అర్థం కింద వాడి చూపించిన వాక్యాలుంటాయి. సినానిమ్ కనపడగానే రెండు మాటలకూ ఆ వాక్యాలు చదివి, తనది ఒక వాక్యం రాసుకోవాలి. ఆ వాక్యంలో మొదటి మాట తీసి రెండోది పెట్టి పైకి చదవాలి. కుదిరితే నోటుబుక్కులో పక్కపక్కన, కుదరకపోతే వేరువేరు పేజీల్లో. రోజుకు ఒక జత చాలు. ట్యూటర్‌గారు ఇరవై ఇస్తే, పంతొమ్మిది ఆదివారానికి ఉంచమనండి.